జేబు మూతికి కచ్చా కుట్టు

కొంపల్లి

అక్కకు నీ చెల్లెలు పద్మ దండాలు. బావ దగ్గు తగ్గిందా? పిల్లలు బడికి పోతున్నారా? నేనూ మీ మరిదీ బాగున్నాం. నా గురించి రంది పెట్టుకోకు. పోయిన ఉత్తరాల్లోనూ 'బాగున్నాను' అనే రాశాను కానీ, అప్పుడది అబద్ధం. ఇప్పుడు నిజం.

ఇక్కడ ఎండలు ముదిరాయి. కుట్టుపని చేసే షాపులో ఫ్యాను గాలి నా మిషను దాకా రాదు. మధ్యాహ్నం సద్ది విప్పినప్పుడల్లా నువ్వు నూరే పల్లీల తొక్కు యాదికొస్తుంది. ఇటు ఎవరైనా వస్తే కాస్త పంపించు.

అసలు సంగతి చెప్తాను. చలికాలంలో మా షాపుకు ఒక సినిమా వాళ్ల కోట్లు కుట్టే పని వచ్చింది. దొంగల సినిమా, అదీ నవ్వుల సినిమా. దొంగలు నలుగురికీ చిలకపచ్చ కోట్లు, లోపల నేరేడుపండు రంగు అంగీలు! నువ్వు నేర్పినట్టే, ఇస్త్రీలో జేబు సాగకుండా మూతికి కచ్చా కుట్టు వేశాను. కోటు ఇచ్చే ముందు దాన్ని విప్పాలి కదా. హడావుడిలో హీరో కోటుకు విప్పడం మరిచాను.

షూటింగ్ శామీర్‌పేట చెరువు పక్క తోటలో. మా షాపు నడిపే టైలర్ మాస్టర్ సూదీ దారంతో నన్నూ వెంట తీసుకుపోయాడు. హీరో హారం దొంగిలించి జేబులో వేసుకోబోతే చెయ్యి లోపలికి పోలేదు. ఎదురుగా ఇన్‌స్పెక్టర్. హీరో బిత్తరపోయి, హారాన్ని తన మెడలోనే వేసుకుని, ఇన్‌స్పెక్టర్‌కు నమస్తే పెట్టి దర్జాగా నడిచిపోయాడు. డైరెక్టర్ పడీ పడీ నవ్వి, సీను అట్లాగే ఉంచుతానన్నాడు. మా మాస్టర్ నవ్వలేదు.

"నా షాపు ఇజ్జత్ తీసినవ్ పద్మా. గిది జూసి జనం నవ్విన్రా, సరే. నవ్వకపోతే ఇగ నువ్వు రాకు" అన్నాడు.

సినిమా వచ్చేదాకా ఆ మాట గుండెలో పెట్టుకునే నీకు ఉత్తరాలు రాశాను.

మొన్న ఆదివారం మేడ్చల్‌లో ఆ సినిమా చూశాం. మా వెనక వరుసలోనే మాస్టర్. అక్కా, ఏం సినిమా! ఎవరు ఎందుకు దొంగిలించారో చివరిదాకా తెలియలేదు. కానీ ఆ నడకలు, ఆ రంగులు, నలుగురూ గొడుగులు పట్టుకుని వరుసగా పారిపోవడం! కన్ను ఆర్పబుద్ధి కాలేదు.

మీ మరిది గొణిగాడు. "కథేది? పైన పటారం, లోన లొటారం."

"గా పటారం కుట్టింది నేనే. సప్పుడు జేయకు" అన్నాను.

హారం సీను రాగానే కుర్చీ అంచుకు జరిగాను. హీరో చెయ్యి జేబు దగ్గర ఆగింది. హాల్లో చడీచప్పుడు లేదు. తర్వాత ఈలలు, నవ్వులు! అందరికంటే గట్టిగా మాస్టర్ నవ్వు. నాకేమో ఏడుపొచ్చింది.

బయటికొచ్చాక మాస్టర్ అడిగాడు. "గా కుట్టు ఎవరు నేర్పిన్రు?"

"మా అక్క."

"ఇంకా కుడతాందా?"

ఏం చెప్పను? రెడీమేడ్ బట్టలొచ్చాక 'ఇగ నా కుట్టు ఎవరికి గావాలె' అని నువ్వు మిషను మీద దుప్పటి కప్పేశావు.

"కుడతాంది" అన్నాను.

"గట్లయితే గుడ్డ బస్సుల పంపిస్త. ఇంటికాడనే కుట్టమను. ఇంకో సినిమా ఉన్నది" అన్నాడు.

అమ్మకూ మీ అత్తమ్మకూ నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నన్ను దీవించు. మాస్టర్‌కు నేను చెప్పింది అబద్ధమే అక్కా. ఈ ఉత్తరం మడిచి పెట్టకముందే లేచి ఆ దుప్పటి తీసెయ్యి.

నీ చెల్లెలు
పద్మ