హోప్ టౌన్‌కి ముందు వెళ్ళిన పడవ

మంగళవారం, రాత్రి. డాలీగంజ్.

ఈరోజు నా మ్యాప్ నెగ్గింది!

తుపాను వాన పొద్దున తెరిపిచ్చింది. ఉన్న ఒక్క పడవను ముందు ఎక్కడికి పంపాలని మా విపత్తు సహాయ ఆఫీసులో తర్జనభర్జన. కొండచరియలు విరిగిన చోట్లు, సముద్రం పోటు వేళలు, నర్సు సరోజ దీదీ ఇచ్చిన గర్భిణుల జాబితా, మూడూ కంప్యూటర్‌లో ఒకే మ్యాప్ మీద పెట్టి చూశాను. హోప్ టౌన్ చివరింట్లో ఒక నిండు గర్భిణి. రోడ్డు మూసుకుపోయింది. మధ్యాహ్నం పోటుకు, పడవ ఆగే జెట్టీకి వెళ్ళే ఒడ్డు బాట కూడా మునుగుతుంది.

"అక్కణ్ణించి ఫోనే రాలేదు కదమ్మా," అన్నారు మా ఆఫీసర్ సార్.

"టవర్ పడిపోయింది సార్, ఫోన్ ఎలా వస్తాది? అభీ పంపకపోతే ఇంక దారుండదు."

ఆయన మ్యాప్‌కేసి చూసి, "భేజో, పంపెయ్," అన్నారు.

సాయంత్రం, పడవతో వెళ్ళిన దీదీ వైర్‌లెస్‌లో అరిచింది: "ఆసుపత్రికి తెచ్చేసినాం! ఆడపిల్ల! ఇద్దరూ ఠీక్ హై!"

ఆఫీసంతా చప్పట్లు. నాకు ఏడుపొచ్చేసింది.

ఆ గర్భిణి పక్కింట్లో మంచం పట్టిన ముసలాయన ఉంటే, ఆయన్నీ అదే పడవలో తెచ్చారట. ఆ ఇల్లు నా దగ్గరున్న ఏ జాబితాలోనూ లేదు. ఆఫీసు వదిలే ముందు దానికి మ్యాప్‌లో చుక్క పెట్టి వచ్చాను. చుక్క పెట్టని ఇళ్ళు ఇంకెన్ని ఉన్నాయో...