ప్రెస్సు గోడ దగ్గర బ్రేకు

మార్చి 3, సోమవారం

బావగారికి,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. కాగితం తీశాను, మడిచి లోపల పెట్టాను, మళ్లీ తీశాను. మన మధ్య మాటల్లేక ఎనిమిదేళ్లయింది. అక్క పోయి నెల తిరక్కుండానే మీరు సామాను సర్దుకుని ఊరు వదిలేశారు. ఆ నెలలో కూడా ఇంట్లో ఆవిడ ఫొటో ఒక్కటైనా తగిలించలేదు. అది నేను మర్చిపోలేదు. మర్చిపోయానని చెప్పడానికి రాయడమూ లేదు. మీతో ఒక పని పడింది, అంతే.

కరెంటు కారు కొన్నాను. మా ఆవిడ భుజానికి ఆపరేషన్ అయింది. వారానికి ఆరు రోజులు పొద్దున తొమ్మిదింటికి ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి. పాత కారు గేరు మార్చినప్పుడల్లా కుదిపేది, ఆవిడ పళ్లు బిగబట్టేది. ఈ కారుకి గేర్లు లేవు, చప్పుడు లేదు, ఒంటినిండా కళ్లు మాత్రం ఉన్నాయి. ముందు అద్దానికి ఒక కెమెరా, రెండు పక్కలా రెండు, వెనక ఒకటి, బంపర్లలో చొక్కా బొత్తాల్లాంటి సెన్సర్లు పన్నెండు. లెక్కపెట్టాను. గీత దాటబోతే స్టీరింగు తనే వెనక్కి లాగుతుంది, చిన్నప్పుడు మా అమ్మ చొక్కా పట్టుకు లాగినట్టు. ఎదురుగా ఎవరైనా ఉంటే తెర మీద బూడిదరంగు మనిషి బొమ్మ వేసి చూపిస్తుంది.

నా సంగతి మీకు తెలుసు. నలభై ఏళ్లు కొట్లలో కాటాలు రిపేరు చేసినవాణ్ణి. పళ్లెం కింద అంటించిన అయస్కాంతాలు, లోపల డొల్ల చేసిన తూకం రాళ్లు ఎన్ని పట్టుకున్నానో. ఒకాయన కాటా పక్కన టేబుల్ ఫ్యాను పెట్టుకుని, కొనేవాడు అటు చూడగానే దాని మూతి పళ్లెం మీదికి తిప్పేవాడు. గాలిని కూడా అమ్ముకున్నాడన్నమాట. సరే, అది వేరే కథ. ఏ యంత్రమైనా నిర్దోషి అని తేలేదాకా నా లెక్కలో దొంగే.

ఈ దొంగ చేస్తున్నదేమిటంటే, పాత ప్రెస్సు దగ్గర రోడ్డు సరాసరి గోడకేసి వెళ్లి కుడికి తిరుగుతుందే, ఆ మలుపులో రోజూ తనంతట తనే బ్రేకు వేస్తోంది. తెర మీద మనిషి బొమ్మ. బయట చూస్తే నరమానవుడు లేడు. మొన్న వెనకొస్తున్న వ్యాను మమ్మల్ని గుద్దినంత పని చేసింది. బెల్టు పట్టేసి మా ఆవిడ భుజం మళ్లీ వాచింది. "ఈ కారు నాకోసం కొన్నారా, డాక్టరుగారి కోసం కొన్నారా?" అంది.

సర్వీసు సెంటరులో ఇంజనీరమ్మ అన్నీ తుడిచి, పరీక్షించి, నా పక్కన కూర్చుని ఆ మలుపుదాకా వచ్చింది. "కెమెరాలు బాగానే ఉన్నాయండీ. దానికి అక్కడ ఎవరో కనిపిస్తున్నారు" అంది.

"నాకు కనబడనివాళ్లు దానికెలా కనబడతారమ్మా?"

"ఆరేసిన రెయిన్‌కోటుని చూసి మనిషనుకున్న కార్లున్నాయి. ఆ గోడ మీద ఏముందో చూడండి. తనంతట తనే వేసే ఆ బ్రేకు ఆపెయ్యమంటారా? రేపు నిజంగా ఎవరైనా అడ్డొస్తే నన్ననకూడదు."

గోడ మీద ఉన్నది మీ కుంచె రాతే. గొడుగుల కంపెనీ ప్రకటన, సగం వెలిసిపోయింది. అక్షరాలు తప్ప నా కంటికి ఇంకేమీ ఆనలేదు. కాబట్టి సూటిగా అడుగుతున్నాను. ఆ రంగులో ఏం కలిపారు?

నా ఫోన్ నంబరు కింద వేశాను గానీ, జవాబు ఉత్తరంగానే రాయండి. రాతలో ఉంటే తర్వాత కాదనడానికి ఉండదు.

ఇట్లు,
మీ బావమరిది

మార్చి 11, మంగళవారం

ప్రియమైన బావమరిదికి,

"బావగారికి" అని చూసి, ఉత్తరం పక్కింటికి రావలసిందేమోనని కవరు తిప్పి చూశాను. నా కొత్త సైకిలు కాలవలో పడేసి వచ్చిన రోజున కూడా "ఏం బావా, ఈత రాదా నీ సైకిలుకి?" అన్న మొహానివి. నీకు 'గారు' ఎప్పుడు అంటుకుందిరా?

రంగులో ఏమీ కలపలేదు. రంగు, టర్పెంటైను, నా చెమట, అంతే. అయస్కాంతాలు కలిపే తెలివే ఉంటే ఇలా బోర్డులు రాసుకుంటూ ఎందుకు బతుకుతాను? ఇప్పుడు ఆ పనీ లేదు. అన్నీ మిషను మీద అచ్చేసి అతికిస్తున్నారు. ఈ మధ్య కూరగాయల బండి మీద ధరలు రాయబోయి స్టూలు మీంచి పడ్డాను. కాలికి కట్టు. చిన్నదేలే.

చెల్లెమ్మ భుజం జాగ్రత్త. మార్కెట్ రోడ్డు మీదుగా వెళ్లండి, ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే కదా. ఆ గోడ జోలికి మాత్రం పోకు.

ఒకటి అడుగుతాను, నవ్వకు. తను ఎక్కడ నిలబడి ఉంటుంది? అక్షరాలకి ఎడమ పక్కా, కుడి పక్కా? చేతిలో ఏదైనా ఉన్నట్టు కనిపిస్తోందా?

ఉంటాను,
నీ బావ

మార్చి 17, సోమవారం

బావగారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కాటా పళ్లెం తిరగేసి చూసినట్టు చూశాను. అయస్కాంతం దొరికింది.

నేను రాసింది 'మనిషి బొమ్మ' అని. ఇంజనీరమ్మ 'ఎవరో' అంది. ఆడా మగా అని ఎవరూ అనలేదు. నిలబడి ఉందనీ నేను రాయలేదు. మీరు 'తను' అన్నారు. కారు తెర మీది బొమ్మని ఎవరైనా 'తను' అంటారా?

నిన్న ఆదివారం వెళ్లి చూశాను. దగ్గరికెళ్తే గోడ మీద మరక. రోడ్డుకి అవతల నిలబడి, కళ్లు సగం మూసి చూస్తే అక్షరాలకి ఎడమ పక్కన ఒక ఆడమనిషి. నిలువెత్తు మనిషి. ఒక చెయ్యి నడుం మీద. ముఖం లేదు. గోడ రంగులోనే, పట్టిచూస్తే తప్ప పోల్చలేనట్టు, దొంగచాటుగా వేసిన బొమ్మ.

ప్రెస్సు ఓనర్ని అడిగాను. "నేను చెప్పింది అక్షరాలకేనండీ. బొమ్మేమిటి?" అని నన్నే ఎదురడిగాడు. ఆ ప్రకటన ఏ సంవత్సరం రాయించాడో కూడా చెప్పాడు. అక్క మంచం పట్టిన సంవత్సరం.

మా అక్క ఇంట్లో మంచాన తీసుకుంటూ ఉంటే, మీరు గోడల మీద ఎవర్ని వేసుకుంటున్నారు? ఎవరావిడ? నెల తిరక్కుండా ఊరు వదిలింది అందుకేనా? మా ఆవిడ "తొందరపడకండి, ఆయన్ని రానిచ్చి అడగండి" అంటోంది. అడిగేశాను, జవాబూ రాతలో ఉంది.

గోడకి వెల్ల వెయ్యమని ఓనరుకి చెప్పాను. సున్నం నాదే అన్నాను, ఒప్పుకున్నాడు. వచ్చే సోమవారం వేస్తారు. మా ఆవిడ భుజానికీ మంచిది, మా అక్క పరువుకీ మంచిది.

ఇట్లు,
అక్క తమ్ముడు

మార్చి 21, శుక్రవారం

ప్రియమైన బావమరిదికి,

నీ ఉత్తరం ఇవాళ అందింది. పక్కింటాయన ఫోన్ తీసుకుని నీకు మూడుసార్లు చేశాను. తియ్యలేదు. నాలుగోసారి అసలు మోగనే లేదు. అందుకని ఇది రాస్తున్నాను. సోమవారంలోపు చేరుతుందనే ఆశ. ఈ కాలు బాగుంటే నేనే బస్సెక్కేవాణ్ణి.

అది మీ అక్కరా.

ఊళ్లో నేను ఏ గోడ ఎక్కినా మధ్యాహ్నం అన్నం డబ్బా తనే తెచ్చేది. కింద నిలబడి, నడుం మీద చెయ్యి వేసుకుని, "దిగుతావా, ఈ అన్నం ఆ గోడకి పెట్టనా?" అని అరిచేది. వీధంతా నవ్వేది. ప్రెస్సు గోడ మొదలుపెట్టాక మొదటి నాలుగు రోజులు వచ్చింది. ఐదో రోజు మంచం మీంచి లేవలేకపోయింది.

తను పోయాక, అక్షరాలకి రెండో పూత మిగిలి ఉందని వెళ్లాను. వేశాను. మధ్యాహ్నమయ్యాక అలవాటుగా కిందికి చూశాను. ఇక ఆ పూట మిగతా అక్షరాలు రాయలేకపోయాను. కిందికి దిగి, తను నిలబడే చోటే, గోడ రంగులో పిసరంత నలుపు కలిపి తనని వేశాను. ముదురుగా వేస్తే ఓనరు చెరిపిస్తాడు. ముఖం వెయ్యడానికి మూడు రోజులు వెళ్లాను, చెయ్యి లేవలేదు. ఆ దారిన నడవలేకే ఊరు వదిలాను. నీకు చెప్పి ఉండాల్సింది. చెబితే నువ్వు ఏడుస్తావు, నిన్ను చూసి నేనూ ఏడుస్తాను. అందుకని నువ్వు కోపంగా ఉండడమే నయమనిపించింది.

ఫొటో తగిలించలేదన్నావు. ఒక్క ఫొటోలోనైనా మీ అక్క కళ్లు తెరిచి ఉందా? నీ పెళ్లి ఆల్బం తీసి చూడు. కెమెరా 'టక్' అనేలోపు కళ్లు మూసేసేది. ఎవరికీ సరిగ్గా చిక్కని మనిషి, ఎనిమిదేళ్ల తర్వాత నీ కారుకి చిక్కింది. నీ మొదటి ఉత్తరం చదివి ఎంత సంతోషించానో నీకెలా చెప్పను? రోజూ పొద్దున తొమ్మిదింటికి ఒక కారు తనకోసం ఆగుతోందిరా!

వెల్ల ఆపించు. నీ కాళ్లు పట్టుకుంటాను, ఆపించు. ఆపించాక నన్ను ఎన్నయినా తిట్టు.

నీ బావ

మార్చి 26, బుధవారం

బావా,

నీ ఉత్తరం నిన్న మంగళవారం చేరింది.

శుక్రవారం తెలియని నంబరు నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చింది. బ్యాంకు పేరు చెప్పి అంకెలడిగే దొంగలనుకుని ఆ నంబరు రాకుండా ఆపేశాను. "చూశావా, నన్నెవడూ మోసం చెయ్యలేడు" అని మా ఆవిడతో గొప్పగా అన్నాను కూడా.

ఉత్తరం చదివి, చెప్పుల్లేకుండానే ప్రెస్సుకి పరిగెత్తాను. రెండు పూతలు వేసేశారు. పనివాళ్లు చాలా శుభ్రంగా వేశారు, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. తడిగుడ్డతో తుడిచాను, గోరుతో గీకాను. ఓనరు బయటికొచ్చి, "అదేంటండీ, దగ్గరుండి మీరేగా వేయించారు!" అన్నాడు. అవును, దగ్గరుండి వేయించాను. చివర్న ఎడమ పక్కన ఇంకొక పూత వెయ్యమన్నది కూడా నేనే.

ఇంజనీరమ్మ దగ్గరికి వెళ్లాను. కారు ఆ చిత్రాలేమైనా దాచుకుందా అని అడిగాను. పాతవాటి మీదే కొత్తవి రాసుకుంటూ పోతుందట. ఆవిడ చాలాసేపు వెతికింది. "ఎవరండీ వాళ్లు?" అంది. "మా అక్క" అన్నాను. ఆవిడ ఇంకోసారి వెతికింది.

బావా, ఆదివారం నేను రోడ్డుకి అవతల నిలబడి ఆవిణ్ణి అరగంట చూశాను. నడుం మీద ఆ చెయ్యి చూసి కూడా నాకు అక్క తట్టలేదు. ఎవరో పరాయి ఆడది అనుకుంటూ చూస్తే పరాయి ఆడదే కనబడింది. నేను 'ఎవరావిడ' అని రాసిన కాగితం చించి పారెయ్. చించినా ఆ మాట రాసింది నేనే, కాదనను. కాలు కట్టు విప్పగానే రా. నేనే వచ్చి తీసుకొస్తాను. రానంటే నీ గుమ్మంలోనే కూర్చుంటాను.

ఇవాళ పొద్దున ఎప్పటిలాగే తొమ్మిదింటికి ఆ మలుపు మీదుగా వెళ్లాం. మార్కెట్ రోడ్డున పోదామంటే మా ఆవిడ వద్దంది. తెర మీద రోడ్డు, గోడ, అంతే. కారు ఆగలేదు. నేనే బ్రేకు వేశాను. మా ఆవిడ భుజం పట్టుకుని గోడకేసి చూసింది. వెనక వ్యానువాడు హారను కొట్టాడు. కాసేపయ్యాక కుడికి తిప్పి ముందుకు పోనిచ్చాను.

నీ
బావమరిది