రిపోర్టులో ఐదు రోజులు

ప్రియమైన మీకు,

నిన్న ఓపీకి వెళ్లాను. నా రక్తం, స్కానింగు బాగున్నాయట. మీ రిపోర్టూ బాగుందట. అయితే పిల్లలు పుట్టకపోవడానికి లోపం నా లోపలే ఎక్కడో దాక్కుందని, మరో మూడు వారాల్లో బొడ్డు దగ్గర కోసి, గొట్టం పెట్టి చూస్తామన్నారు. "మావాడు బంగారమని ముందే చెప్పలా?" అని అత్తయ్య హాస్పిటల్ వరండా అంతా వినబడేలా అన్నారు.

ఒక్క మాట. మీరు శాంపిలు ఆ సోమవారం, సైటులో పనికి తిరిగి వెళ్తూ దారిలో ఇచ్చారు. అంతకుముందు ఐదు రోజులు భార్యకు దూరంగా ఉన్నట్టు రిపోర్టులో ఉంది. ఆదివారం ఇంట్లోనే ఉన్నారు కదండీ. సిగ్గు, ఇంతకంటే రాయలేను.

మీ ఇంటిది

*

మా మూగమ్మకి,

ఐదు రోజులుండాలన్నారు, ఉన్నానన్నాను. అంతే. ఐదో తరగతికే ఇన్ని ఆరాలా? పది చదివుంటే నన్ను బోనెక్కించేదానివి. డాక్టరమ్మ చెప్పినట్టు విను.

నీ మొగుడు

*

ఏమండీ,

నాకు నవ్వు రాలేదు. ల్యాబు కిటికీ దగ్గరకు నేనే వెళ్లాను. నోరు పెగలడానికి అరగంట పట్టింది. "మీ ఆయన భలే మనిషమ్మా, బట్టతల నిమురుకుంటూ తెగ నవ్వించాడు" అంది అక్కడి అమ్మాయి.

మీ జుట్టులో దువ్వెనే దిగదు. బట్టతల మీతో పనిచేసే క్రేను డ్రైవరన్నయ్యది. ఆ సోమవారం మీతో బయల్దేరింది ఆయనే.

లోపం మీలో ఉందని మీకు ముందే తెలుసా? తెలిసే నా పొట్ట కోయిస్తున్నారా?

మీ భార్య

*

మూగమ్మా,

నాకేం తెలియదు, ఒట్టు. డబ్బా చేతికిచ్చి మరుగుదొడ్లోకి పంపారు. తలుపుకి గడియ లేదు. ఒక చేత్తో తలుపు పట్టుకుని నిలబడ్డాను. "ఏం బాబూ, లోపల కాపురం పెట్టావా?" అని బయటివాళ్లు బాదారు. చెమటలు తప్ప ఏమీ రాలేదు. క్రేనన్న "ఇలా తే" అని డబ్బా లాక్కుని లోపలికెళ్లి, తనే కిటికీలో ఇచ్చేశాడు. నీ పొట్ట కోస్తారని చదివి కూడా నోరు మూసుకున్నాను. నువ్వే చెప్పేయ్. నాకు మొహం చెల్లదు.

నీ పిరికివాడు

*

ఏమండీ,

చెప్పేశాను. కోత ఆపారు. ముందు మీ పరీక్షే మళ్లీ చేస్తారట.

ఇంట్లోనే ఇవ్వొచ్చట. చల్లబడకుండా గంటలోపు చేర్చాలట. డబ్బా తెచ్చి ఉంచాను. హాస్పిటల్‌కి ఇరవై నిమిషాల నడక. కొంగులో చుట్టుకుని నేనే పట్టుకెళ్తాను. బుధవారం వచ్చేయండి. సోమవారం దాకా మీ పక్క వరండాలోనే. ఈసారి రిపోర్టులో అబద్ధం ఉండకూడదు.

మన గదికి గడియ ఉంది. అయినా బయట నేను కూర్చుంటాను. అత్తయ్యొచ్చినా కదలను.

నోరొచ్చిన మీ మూగమ్మ