శనివారం ఇనుము

శనివారం

బేతంచెర్లలో పాత ఇనుప సామాన్ల కొట్టుతో మొదలై ఉక్కు ఫ్యాక్టరీలకు యజమాని అయిన మా తమ్ముడు, ఉన్నదంతా పెట్టి విదేశంలో ఇంకో ఫ్యాక్టరీ కొనబోయాడు. పొద్దున ఫోన్ చేశాడు.

"అక్కా, సంతకం పెడతాండా, దీవించు."

"శనివారం ఎవరన్నా ఇనుము కొంటారేమిరా? అమ్మ మేకు గూడా తేనిచ్చేది కాదే!"

"ఇది మేకు గాదక్కా, ఫ్యాక్టరీ."

"అయితే శని గూడా పెద్దదే పడతాది."

సోమవారానికి వాయిదా వేశాడు. సాయంత్రానికి అక్కడి కొలిమి బీటలు వారి ఉందని వాడి ఇంజనీరు కనిపెట్టాడట. బేరం మానుకున్నాడు. ఈ బేరం సంగతి విన్న దగ్గర్నుంచి వారం రోజులుగా సహించని అన్నం ఈ పూట నాకు సహించింది.

ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పినదాన్ని, శనివారాల మీద నాకేం నమ్మకం? వాడు మునిగిపోతాడన్న భయంతో నోటికొచ్చింది అన్నాను. ఆ సంగతి వాడికి చెప్పను. కానీ ఈసారి ఏ గురువారమో కొనబోతే ఏం సాకు చెప్పాలో...