ఎర్రగీతలు గీసిన మెసేజ్

రాజేశమన్నకు,

ఫోన్ చేస్తే నన్ను పూర్తిగా చెప్పనివ్వవు. అందుకే రాస్తున్నాను.

మన నస్పూర్ కాలనీ వాట్సాప్ గ్రూపులో ఇంగ్లీషు చూస్తే నాకూ ఒళ్లు మండుతుంది. ‘యువర్’కూ ‘యూ ఆర్’కూ తేడా తెలియకుండా రాస్తుంటే దిద్దకుండా ఉండలేను. ఎంఏ చదివిన పొగరేమో, ఏమో. కానీ మొన్న మక్సూదా పెట్టిన మెసేజ్ మీద నువ్వు ఎర్రగీతలు గీసి, ‘ఇదేం ఇంగ్లీషు?’ అని మళ్లీ గ్రూపులోనే పెట్టావు. ఆ తర్వాత ఆమె అందులో ఒక్క ముక్క రాయలేదు.

ఈ పొద్దున ఆమె కొడుకు మోయిజ్‌ను వాంతులు, విరేచనాలతో ఆసుపత్రిలో చేర్చారు. చూడటానికి వెళ్లాను.

“నల్లా నీళ్లల్ల మోరి వాసనొస్తున్నదనే రాసిన గదక్కా,” అన్నది. “సారు నా స్పెల్లింగులు దిద్దిండు. నీళ్లెట్లున్నయని మాత్రం అడగలే. గా గ్రూపుల ఇగ నేను రాయ.”

వాళ్ల పక్క క్వార్టర్ ఎల్లక్కకూ అదే జబ్బు. ఆమె కూడా రాయలేదు. ఇంకా ఎన్ని ఇళ్లలో ఉందో తెలియదు. నేను ఎక్కువగా భయపడుతున్నానేమో. నా భయం నిజమైతే?

సాయంత్రం మళ్లీ నల్లా వస్తుంది. ఈలోపు ఆ నీళ్లు తాగొద్దని అడ్మిన్‌గా నువ్వే పెట్టు. ఎవరింట్లో నీళ్లు మురుగు వాసన వస్తున్నాయో, ఎవరికి బాగాలేదో చెప్పమను. జవాబులన్నీ తప్పులతోనే వస్తాయి.

రానివ్వు, అన్నా.

నీ చెల్లె