ఐదు సొరుగుల అంకెలు

ప్లెయిన్స్‌బరో, అమెరికా,
14 అక్టోబర్ 2007

చిరంజీవి తమ్ముడు విశ్వనాథానికి,

అక్క లక్ష్మీకాంతం దీవించి రాస్తున్నది. నా మోకాళ్ళు తప్ప ఇక్కడ అందరం కులాసా. నువ్వూ మరదలూ బాగున్నారనీ, నీ వడ్రంగి షాపు బాగా నడుస్తోందనీ తలుస్తాను.

మా పక్కింటి డోరతీ గారి గురించి ఫోనులో చెప్పాను కదా, ఎనభై దాటినావిడ. ఆవిడ ఇంట్లో ఇంగ్లండు నుంచి వచ్చిన పాతకాలపు మహాగని చెక్క రాతబీరువా ఉంది. పైన పుస్తకాల అరలు, మధ్యలో వాల్చుకుని రాసుకునే పలక, లోపల ఆరు సొరుగులు. పోయిన భర్త దాని ముందే కూర్చునేవాడట; ఇప్పుడు ఈవిడ కూర్చుంటుంది. లండన్‌లో ఒకప్పటి పేరుమోసిన పనివాడు చేసిందేమోనని కొడుక్కి అనుమానం. అదే నిజమైతే వేలానికి పెట్టాల్సిందే అంటాడు. ఆవిడకి సుతరామూ ఇష్టం లేదు, కొడుకుతో పోట్లాడే ఓపికా లేదు.

శుక్రవారం దాన్ని పరీక్షించడానికి నిపుణుడు వస్తాడనగా దుమ్ము దులపడానికి సాయం వెళ్ళాను. చేతులు ఊరుకోవుగా, సొరుగులు లాగేశాను. చిన్నదొకటి బిగుసుకుపోయి రాలేదు. వచ్చిన ఐదింటి వెనకా, ఏది ఎక్కడిదో తారుమారు కాకుండా, నాన్న నేర్పినట్టే పెన్సిల్‌తో ౧, ౨, ౩ అంటూ మన అంకెలు వేశాను. తర్వాత చెరపడం మరిచాను.

ఆ వచ్చినాయన సొరుగు తిప్పి చూసి కళ్ళజోడు మార్చాడు. ఇలాంటివి ఎక్కడా చూడలేదనీ, ఆ పనివాడి సొంత గుర్తే కావచ్చనీ అన్నాడట. కొడుకు ముఖం వెలిగింది, డోరతీ గారి ముఖం వాడిపోయింది. మా అమ్మాయి చంద్రిక ఇదంతా తెలుగులో చెప్పింది. పరువు పోతే పోయిందని లేచాను.

“అవి నా అంకెలు బాబూ. మా నాన్న వడ్రంగి,” అన్నాను.

చంద్రిక ఇంగ్లీషులో చెప్పినా ఆయన నమ్మలేదు. కాయితం మీద ౧ నుంచి ౫ దాకా వేసి చూపిస్తే పకపకా నవ్వాడు. బిగిసిన సొరుగు లాగితే విరుగుతుందని ముట్టుకోలేదు. గుర్తు లేనిదే ఎవరి పేరూ రాసివ్వలేనని చెప్పి వెళ్ళిపోయాడు. కొడుకు వేలం మాట మానేశాడు. డోరతీ గారు నా చెయ్యి ఎంతసేపటికీ వదల్లేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను తమ్ముడూ.

నెలాఖరుకి బయల్దేరుతున్నాను.

నీ అక్క,
లక్ష్మీకాంతం

తా.క. నిన్న మధ్యాహ్నం ఆ మొండి సొరుగు అంచులకి కొవ్వొత్తి రుద్ది మెల్లగా ఆడిస్తే వచ్చేసింది. వెనక సిరాతో ఏదో ఇంగ్లీషు పేరు, పక్కన సంవత్సరం. నాకు చదవడం రాదు కదా, డోరతీ గారి వంక చూశాను. ఆవిడ చదివి, పెదవుల మీద వేలు పెట్టి, సొరుగు లోపలికి తోసేసింది. చంద్రికకి చెప్పలేదు. నువ్వూ మరదలికి చెప్పకు.