కొడుకు ఆడే బల్ల దగ్గర

సల్మాబాద్, బహ్రెయిన్
శుక్రవారం మధ్యాహ్నం

అక్కా, నీకూ బావకూ నీ తమ్ముడు శీను దండం పెట్టి రాస్తున్నది. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నేను పంపిన నూనె రాసుకుంటోందా, లేక అల్మారాలో దాచిపెట్టిందా? చిన్ని బడికి ఏడవకుండా పోతోందా? నేను ఇక్కడ బాగానే ఉన్నాను. డ్యూటీ సక్రమంగా సాగుతోంది. తిండికి లోటు లేదు. ఎండ కంటే ఉక్క ఎక్కువగా ఉంది, స్నానం చేసి తుడుచుకునేలోపే మళ్లీ చెమట. అంతే తప్ప నాకేమీ కాలేదు, అమ్మకు కూడా అదే చెప్పు.

పోయిన వారం ఫోన్లో "నీ గొంతేంది అట్లున్నది?" అని అడిగావు. జలుబు అన్నాను. జలుబు కాదు అక్కా. నీ ఫోన్ స్పీకర్లో ఉంటుంది, చుట్టూ అమ్మ, పిల్లలు ఉంటారు. అందుకే చెప్పలేదు. మా స్టోరులో పనిచేసే శంకరన్న సెలవు మీద మెట్‌పల్లికి వస్తున్నాడు, అతని చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. ముందు నువ్వొక్కదానివే చదువు. తరువాత బావకు చెప్పు.

మా గదిలో ఉండే గంగారాం మామ చనిపోయాడు. నీకు గుర్తుండే ఉంటుంది. మనం వీడియోలో మాట్లాడుతుంటే వెనక నుంచి తల పెట్టి "ఏం బిడ్డా, మంచిగున్నవా?" అని పలకరించేవాడు, తెల్లమీసాల మనిషి. కోరుట్ల దగ్గరి వాడు. మా గ్యారేజీలో కార్లకు రంగు వేసేవాడు. శుక్రవారాలు గదిలో అందరికీ బగారన్నం వండేది ఆయనే. నేను కొత్తగా వచ్చినప్పుడు ఇంటి మీద బెంగతో అన్నం మానేస్తే, పళ్లెం నా ముందు పెట్టి, తినేదాకా లేవకుండా కూర్చున్నది కూడా ఆయనే.

ఆయన భార్య కొన్నేళ్ల కింద జబ్బు చేసి పోయింది. ఈయనకు కబురు అందేటప్పటికే ఆఖరు గడియలు. విమానం దిగి ఊరు చేరేసరికి దహనం అయిపోయింది. కొడుకు అజయ్ అప్పుడు పదో తరగతి, తలకొరివి వాడే పెట్టాడు. అప్పటి నుంచి పిల్లవాడు మేనమామ ఇంట్లో పెరిగి ఇప్పుడు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. తండ్రి ఫోన్ చేస్తే "ఆ", "సరే" అని, ఫోన్ మేనమామ చేతికి ఇచ్చేవాడట. హాస్టల్‌కు చేరాక అసలు ఎత్తడమే మానేశాడు. "నా మీద కోపం వానికి. తల్లి సావుకు రాని తండ్రిని, ఏం మొఖం పెట్టుకోని మాట్లాడుమంట?" అని మామ అంటుండేవాడు.

ఒకరోజు ఆ మేనమామ ఫోన్ చేసి, "నీ కొడుకు సదువు ఇడిచిపెట్టి ఫోన్ల పత్తాలాడుతుండు బావా, పోకరంట," అని ఫిర్యాదు చేశాడు. నేను ఆ ఆటను నా ఫోన్లో తెరిచి, అజయ్ పేరు వెతికి వాడు ఆడే బల్ల చూసి, అది డబ్బు పెట్టి ఆడేది కాదని, ఉత్త బిళ్లలతో ఆడే ఆట అని చెప్పాను. మామ కుదుటపడ్డాడు. కాసేపాగి, "గా బల్లకాడ ఎవరన్న కూసోవచ్చునా?" అని అడిగాడు.

"కుర్చీ ఖాళీ ఉంటే కూర్చోవచ్చు మామా."

"అయితే నాకు నేర్పు శీనూ."

నాకు మాత్రం ఏం తెలుసు అక్కా! మనకు తెలిసిందల్లా పండుగలకు ఆడే రమ్మీ. గ్యారేజీలో పనిచేసిన ఫిలిప్పీన్స్ అతను దేశం పోతూ వదిలేసిన పెట్టెలో ఆ ఆట ఎలా ఆడాలో చెప్పే ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. ఇంకో రెండు ఫోన్లోకి దింపుకున్నాను. నా ఆగిపోయిన డిగ్రీ ఇలా పనికొచ్చింది. శుక్రవారం భోజనాలయ్యాక నేను ఒక్కో పేజీ చదివి తెలుగులో చెప్పేవాణ్ని, మామ మంచం మీద పాత పేక పరిచి అలాగే వేసి చూసేవాడు. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు, మధ్యలో అయిదు ముక్కలు మెల్లమెల్లగా తెరుస్తారు. అన్నీ కలిపి ఎవరి చేయి పెద్దదైతే వాళ్లవి బిళ్లలు.

మూడు ముక్కలు ఒకే అంకె, రెండు ఇంకో అంకె కలిస్తే దానికి పుస్తకంలో ఒక పేరుంది, 'నిండిన ఇల్లు' అని అర్థం చెప్పాను. మామ నవ్వి, "అయిదుగురైతెనే నిండుతదా? మాది ముగ్గురితోనే నిండుండె," అన్నాడు. ఆ రోజుకు పుస్తకం మూసేశాం.

అన్నిటికంటే ఆయనకు కష్టమైంది ముక్కలు పడేయడం. వచ్చిన వాటిలో ఎక్కువ భాగం ఆడకుండా పడేయాలని ఆ పుస్తకాలన్నీ ఒకే మాట చెప్పాయి. మామకు మనసొప్పేది కాదు. "చేతికొచ్చినదాన్ని చూడకుంట ఎట్ల పారేస్తరు?" అని ప్రతి ఆటలోకీ దిగి, బిళ్లలన్నీ పోగొట్టుకునేవాడు. బిళ్లలు అయిపోతే కుర్చీ పోతుంది. మొదటిసారి కొడుకు బల్ల దగ్గర కూర్చున్న రోజు, వాడు 'హాయ్' అని అందరికీ పెట్టిన పలకరింపు మేము చదివేలోపే ఆట ముగిసి బయటికొచ్చాం. ఆ తరువాత ఆయన చేతికి ఓపిక వచ్చింది. "గెలుసుడు నాకెందుకు శీనూ, లేవగొట్టకుంటే సాలు," అనేవాడు.

ఆయన ఫోన్ అద్దం పగిలి ఉండేది, అందుకని నా ఫోన్లోనే ఆడేవాళ్లం. పేరు 'దోస్త్' అని పెట్టాను. శుక్రవారం సాయంత్రాలు హాస్టల్ పిల్లలు ఆడుకునే సమయానికి మాకు మధ్యాహ్నం. ఎదుటివాడి ముఖం కనిపించని ఆటలో అతడు ఎంతసేపు ఆలోచిస్తున్నాడో చూడమని పుస్తకంలో ఉంది. మామ అదే పట్టుకున్నాడు. "ఇగో సూడు, మంచి పత్తాలొస్తే ఆగుతడు. చిన్నప్పుడు గూడ గంతే, లడ్డు చేతుల పెడితే ఎంటనే తినకపోతుండె, తిప్పితిప్పి సూసుకుంటుండె," అని మురిసిపోయేవాడు. వాడు గెలవాలని మంచి ముక్కలు కూడా పడేసేవాడు. నేను కోప్పడితే, "నీకేం తెలుసు, నువ్వు ఊకో," అనేవాడు.

ఆ బల్ల పక్కన మాటలు రాసుకునే చోటు ఉంటుంది. అజయ్ ఒకసారి, "దోస్త్ అన్నా, మస్తు ఓపికతోటి ఆడుతవే. ఏ ఊరు?" అని రాశాడు. మామ చెప్తుంటే నేను కొట్టాను, దుబాయిలో ఉంటానని. మనవాళ్లకు గల్ఫంతా దుబాయే కదా. "మా నాయన గూడ దుబాయిలనే ఉంటడు," అని రాశాడు. మామ నా మోచేయి పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి వాడు ఈ దోస్త్‌తో మెల్లగా కబుర్లు చెప్పసాగాడు. మెస్సులో పప్పు నీళ్లలా ఉందని, ఒక పరీక్ష బాగా రాయలేదని. కొడుకు నోట అంత సంగతి వినడం మామకు ఇన్నేళ్లలో అదే మొదలు. వారమంతా ఆ మాటలే చెప్పుకునేవాడు, కంపెనీ బస్సులో, రంగులు కలుపుతూ కూడా.

ఒక శుక్రవారం దోస్త్ అడిగాడు, "మీ నాయనతోటి మాట్లాడుతవా?" అని.

జవాబులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. "మాట్లాడను అన్నా. భయం." "అమ్మకు బాగలేనప్పుడు నాయనకు చెప్పొద్దని నాతోటి ఒట్టు పెట్టించుకున్నది. ఆయన వస్తే మళ్ల పోలేడు, నీ సదువు ఆగుతది అన్నది. నేను చెప్పలే." "చెప్తే ఆఖరికి అమ్మ మొఖమన్న సూస్తుండె." "ఆయన ఫోన్ చేసినప్పుడల్ల ఎందుకు చెప్పలేదురా అని ఇయ్యాల అడుగుతడేమోననిపిస్తది. అందుకే ఫోన్ మా మేనమామకిస్తుంటి."

నేను పైకి చదివాను. మామ మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను. ఈలోపు మా వంతు గడువు అయిపోయి, మేము పట్టుకున్న ముక్కల్ని ఫోన్ తానే పడేసింది. మామ లేచి బయట కుళాయి దగ్గరికి పోయి ముఖం కడుక్కున్నాడు, ఎంతకీ రాలేదు. వచ్చి కూర్చుని అన్నాడు: "వానికి నా మీద కోపమనుకున్న శీనూ. వాడేమో నాకు కోపమనుకున్నడు. ఇన్నేండ్లు ఒకరికొకరం భయపడుకుంట కూసున్నం."

"ఇప్పుడే చెప్పేయి మామా, నేనేరా మీ నాయనను అని."

"వద్దు. దొంగతనంగ ఇన్నడనుకుంటడు. పోత. ఎదురుంగ కూసోని చెప్త. గిది ఫోన్ల రాసే ముచ్చట గాదు."

దోస్త్ మాత్రం, "మీ నాయన కోపం పెట్టుకోడు బిడ్డా," అని రాశాడు. "నీకెట్ల తెలుసు?" అని అడిగాడు వాడు. "నేను గూడ తండ్రినే," అని మామ చెప్పింది చెప్పినట్టు కొట్టాను. "ఆట నడువనీ అన్నా," అని రాశాడు వాడు.

మర్నాడే మామ సెలవు అడిగాడు. వచ్చే నెల పొమ్మన్నారు. ఆయన్ని అంత ఉత్సాహంగా నేనెప్పుడూ చూడలేదు. జుట్టుకు రంగు వేయించుకున్నాడు. ఇక్కడ సీఫ్ అనే చోట ఉన్న పెద్ద మాల్‌కు నన్ను వెంటబెట్టుకుపోయి కొడుకుకు బూట్లు కొన్నాడు. వాడి పాదం సైజు తెలియదు. నన్నే ఊహించి చెప్పమన్నాడు, నా పాదమే కొలతగా తీసుకున్నాడు. రంగు గీకుతూ గీకుతూ ఆగి, "మొదలు ఏమనాలె శీనూ? బాగున్నవా అంటె పరాయోళ్ల లెక్క ఉంటది కదా," అని అడిగేవాడు.

టికెట్ చేతికొచ్చిన వారంలోనే, పొద్దున చాయ్ తాగే వేళ, ఖాళీ రంగు డబ్బా మీద కూర్చుని నీళ్లడిగాడు అక్కా. నేను తెచ్చేసరికి పక్కకు ఒరిగి ఉన్నాడు. అంబులెన్స్ త్వరగానే వచ్చింది. గుండె అన్నారు. నా చేతిలో గ్లాసు అలాగే ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా తోచలేదు.

తరువాత కాగితాల పని. ఇక్కడి తెలుగు చర్చి వాళ్లు కూడా వచ్చి తోడు నిలబడ్డారు, మామ వాళ్ల మనిషి కాకపోయినా. మా కంపెనీ వాళ్లు ఊరి దాకా ఒక్కరిని కూడా వెంట పంపలేదు, ఎయిర్‌పోర్టు దాకా నేనే పోయి మామను ఉంచిన పెట్టెను అప్పగించి వచ్చాను. బూట్లు ఆయన సామానులో సర్ది పంపాను. మేనమామకు ఫోన్ చేసి అజయ్‌ని పిలవమంటే, వాడు ఎవరితోనూ మాట్లాడటం లేదన్నాడు.

పోయిన శుక్రవారం నా ఫోన్ మోగింది. దోస్త్ పేరుకు మెసేజ్.

"దోస్త్ అన్నా, ఎటు పోయినవ్? ఆటకొస్తలేవు. మా నాయన సచ్చిపోయిండు అన్నా. ఎవ్వరికి చెప్పాలనిపియ్యలే, నీకు చెప్పాలనిపిచ్చింది. ఇంక ఆయన నన్ను అడగనే అడగడు."

అక్కా, నేను రాయడం మొదలుపెట్టి చెరిపేశాను, మళ్లీ రాసి మళ్లీ చెరిపేశాను. గదిలోనో, పెరట్లోనో ఒంటరిగా ఉండి, ఆ దోస్త్ మీ నాన్నే అన్న మాట ఫోన్లో చదివితే ఆ పిల్లవాడు ఏమైపోతాడు? పక్కన ఒక మనిషి ఉండాలి. నాకు సెలవు రావడానికి ఇంకా చాలా కాలం పడుతుంది. అందుకే నిన్ను అడుగుతున్నాను. కర్మలు అయ్యేదాకా వాడు కోరుట్లలో మేనమామ ఇంట్లోనే ఉంటాడు. ఇంటి గుర్తులు శంకరన్నకు చెప్పాను. నువ్వూ బావా పోండి. వాణ్ని పక్కకు పిలిచి నువ్వే చెప్పు. మీ నాన్నకు అంతా తెలుసు, నీ మాటల్లోనే విన్నాడు, కోపం రాలేదు, నీ దగ్గర కూర్చోవడానికే పుస్తకాలు చదివించుకుని ఆట నేర్చుకున్నాడు, నీతో మాట్లాడటానికే టికెట్ తీసుకున్నాడు అని. బూట్లు బిగుతైతే అది నా పాదం తప్పు, ఆయనది కాదు.

వాడు తిట్టినా పడు. మోసం చేశారంటే నన్ను అనమను, నా నంబరు ఇవ్వు. ఏడిస్తే మాత్రం ఊరుకోమని అనకు, ఎంతసేపైనా పక్కనే కూర్చో. బస్సుకు ఆలస్యమైనా సరే.

మిగతా అంతా మామూలే. శంకరన్న తిరిగి వచ్చేటప్పుడు కాస్త ఎల్లిపాయ కారం, పసుపు పంపు, మిఠాయిలు వద్దు. అమ్మకు మామ సంగతి చెప్పకు, నా గురించి భయపడుతుంది. నేను నీళ్లు బాగా తాగుతున్నాను, నీడ పట్టునే ఉంటున్నాను, నిజం. అమ్మ కాళ్లకు నా తరఫున నువ్వే దండం పెట్టి, దీవెన అడుగు. బావకు నమస్కారాలు, చిన్నికి ముద్దులు, మన వాడకట్టులో పెద్దలందరినీ అడిగినట్టు చెప్పు.

కోరుట్ల నుంచి తిరిగి రాగానే ఫోన్ చేయి. వాడేమన్నాడో తరువాత చెబుదువు గాని, అన్నం తిన్నాడో లేదో ముందు చెప్పు.

నీ తమ్ముడు
శీను